సరస్వతీ కటాక్షం ఖర్చు ఎంత?

మన ఇళ్లలో పిల్లవాడు చక్కగా బొమ్మ వేస్తే "పుట్టుకతో వచ్చిన విద్య" అంటారు. ఆడపిల్ల బాగా పాడితే "సరస్వతీ కటాక్షం" అంటారు. కాస్త చదువుకున్నవాళ్లయితే దేవుణ్ణి పక్కన పెట్టి "రక్తంలోనే ఉంది" అంటారు. వినడానికి ఇవన్నీ మెచ్చుకోలు మాటలే. కాని వీటిలో మనకొక సౌకర్యం కూడా ఉంది. కళ దేవుడిచ్చేదయితే మనం ఇవ్వవలసింది ఏమీ ఉండదు. ఫీజు కట్టనక్కర్లేదు, రైలు చార్జీ ఇవ్వనక్కర్లేదు, చేసిన పనికి డబ్బు ఇవ్వనక్కర్లేదు. ఆ పిల్లవాడు పైకి వస్తే దేవుడి దయ, రాకపోతే వాడి తలరాత. ఎలా జరిగినా మన జేబుకు నష్టం లేదు.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా రక్షణ లెక్కల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. చదివింది బి.కాం. బొమ్మ బాగుందో లేదో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. కాని ప్రతి ఖర్చూ ఎవరో ఒకరి ఖాతాలో పడి తీరుతుందని ఆ ఉద్యోగం నేర్పింది. వోచర్ లేని చెల్లింపును మేము ఒప్పుకునేవాళ్లం కాదు. "దైవదత్తం" అన్న మాట నాకు వోచర్ లేని చెల్లింపులాగే కనిపిస్తుంది. అందుకే మన తెలుగువాళ్లలో కళాకారులుగా నిలబడిన కొందరి తొలి రోజులను జమాఖర్చుల పుస్తకంలా తిరగేసి చూశాను. ఎవరు గుర్తించారు? ఎవరు పంపారు? ఎవరు ఖర్చు పెట్టారు? ఈ ప్రశ్నలకు జవాబులు దొరుకుతాయి. వాటిలో దేవుడి పేరు ఎక్కడా రాదు.

రాజమండ్రి కాలేజీ

మొదటి ఉదాహరణ రాజమండ్రి. 1909లో అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు ఆయన ప్రిన్సిపాల్‌గా వచ్చాడు. 1919 దాకా ఉన్నాడు. స్వయంగా బొమ్మలు వేసేవాడు, రచనలు చేసేవాడు. ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక 1924లో దక్షిణ భారత జీవితం మీద ఒక పుస్తకం కూడా ప్రచురించాడు. తెలుగు కుర్రవాళ్లలో బొమ్మలు వేసేవాళ్లను, కవిత్వం రాసేవాళ్లను దగ్గరకు తీసి ప్రోత్సహించడం ఆయనకు అలవాటు.

ఆయన ప్రోత్సాహం పొందినవాళ్ల పేర్లు చూడండి. చిత్రకారుడు దామెర్ల రామారావు. చిత్రకారుడు, నవలాకారుడు అడివి బాపిరాజు. కవి కవికొండల వెంకటరావు. ముగ్గురూ ఇంచుమించు ఒకే ఈడువాళ్లు. ఒకే ఊళ్లో, ఒకే పదేళ్లలో, ఒకే మనిషి దృష్టిలో పడ్డవాళ్లు.

ఇప్పుడు దైవదత్తం సిద్ధాంతాన్ని ఇక్కడ పరీక్షించండి. ప్రతిభను పంచేది సరస్వతే అయితే, 1909 నుంచి 1919 వరకు ఆమె రాజమండ్రి మీద ప్రత్యేకంగా ప్రేమ చూపించిందని ఒప్పుకోవాలి. కూల్డ్రే దొర ఓడ ఎక్కగానే ఆ ప్రేమ తగ్గిందని కూడా ఒప్పుకోవాలి. లేదా ఇంకో జవాబు ఉంది. బొమ్మ వేయగల కుర్రవాళ్లు కాకినాడలోనూ ఉన్నారు, గుంటూరులోనూ ఉన్నారు, కడపలోనూ ఉన్నారు. వాళ్లను చూసి "నువ్వు ఫలానా చోటికి వెళ్లి చదువు, నేను రాసి ఇస్తాను" అనే మనిషి అక్కడ లేడు.

హేతువాదులం కాబట్టి మన వాదాన్ని కూడా మనమే పరీక్షించుకోవాలి. ముగ్గురి ఉదాహరణతో సూత్రం తయారవదు. పైకి వచ్చినవాళ్ల జీవిత చరిత్రలే మనకు మిగులుతాయి, రానివాళ్ల సంగతి ఎవరూ రాయరు. పందెంలో గెలిచినవాళ్లను మాత్రమే అడిగి "పందెం మంచిది" అని తేల్చడం లాంటిదది. గొప్పవాళ్ల చరిత్రలు చదివి "నిజమైన ప్రతిభ ఎలాగైనా పైకి వస్తుంది" అనేవాళ్లు చేసే పొరపాటు సరిగ్గా ఇదే. పైకి రాని ప్రతిభ వాళ్లకు కనిపించదు కాబట్టి అది లేదనుకుంటారు.

బొంబాయి స్కూలు ఎవరి డబ్బు?

రామారావు 1897 మార్చి 8న పుట్టారు. కూల్డ్రే ప్రోత్సాహంతో, ఆయన సాయంతో 1916లో బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. 1920లో చదువు ముగించారు. రాజమండ్రి కుర్రవాడికి ఇది చిన్న ప్రయాణం కాదు. ఊరు, భాష, తిండి అన్నీ మారతాయి. ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి, సీటు దొరకాలి, నాలుగేళ్లు గడవాలి. ఒక ప్రిన్సిపాల్ తన పలుకుబడి ఉపయోగించాడు కాబట్టి ఆ తలుపు తెరుచుకుంది.

ఆ స్కూలు కూడా ఆకాశం నుంచి పడలేదు. జంషెడ్జీ జీజీభాయ్ అనే పార్సీ వర్తకుడు లక్ష రూపాయలు విరాళంగా ఇస్తే 1857లో మొదలైంది. ఆ లక్ష ఎలా వచ్చిందని ఆడిటర్ అడగాలి కదా. చైనాతో పత్తి, నల్లమందు వ్యాపారంలో ఆయన కోట్లు గడించాడు. కళకు వెనక ఉన్న డబ్బు ఎప్పుడూ పవిత్రమైనదే అని నేను చెప్పబోవడం లేదు. డబ్బు ఉందని మాత్రమే చెబుతున్నాను. 1857 నాటి విరాళం దాదాపు 60 ఏళ్ల తర్వాత గోదావరి ఒడ్డున పుట్టిన ఒక తెలుగు కుర్రవాడికి పనికి వచ్చింది. సంస్థ అంటే ఇదే. దాత పోయినా ఖాతా మూతపడదు.

రామారావు తిరిగి వచ్చి ఊరుకోలేదు. 1922లో ఆయన చిత్రం "సిద్ధార్థ రాగోదయం" కలకత్తా ప్రదర్శనలో బహుమతి పొందింది. 1923లో ఆయన రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. తనకు ఒకరు చేసిన సాయాన్ని తను మరికొందరికి చేశారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు వేశారు. ఆడవాళ్లకు బడి చదువే గగనమైన రోజుల్లో ఒకే ఇంట్లో ఇద్దరు స్త్రీలు కుంచె పట్టారు. సరస్వతి ఆ ఇంటిని ఎంచుకుందని అనవచ్చు. ఆ ఇంట్లో రంగులు, కాగితం, నేర్పేవాడు ఉన్నారని కూడా అనవచ్చు. రెండో మాటకు ఆధారం ఉంది.

బాపిరాజు దారి వేరు. ఆయన మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార ఛటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకున్నారు. ఆ కళాశాల 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యల పూనికతో వచ్చింది. బెంగాల్ నుంచి ఒక చిత్రకారుణ్ణి పిలిపించి, జీతమిచ్చి, కృష్ణా జిల్లా కుర్రవాళ్లకు నేర్పించారు. అలా నేర్చుకున్న బాపిరాజు 1930లలో అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన నవల "నారాయణరావు" ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో విశ్వనాథ "వేయిపడగలు"తో కలిసి బహుమతి పంచుకుంది. బడి, జీతం, పోటీ, బహుమతి. అన్నీ మనుషులు పెట్టినవే, అన్నిటికీ రసీదులు ఉంటాయి.

27 ఏళ్లకే మూసిన ఖాతా

1925 ఫిబ్రవరి 6న దామెర్ల రామారావు మశూచితో చనిపోయారు. ఇంకో నెల గడిస్తే 28 నిండేవి. బొంబాయి నుంచి వచ్చాక ఆయనకు దక్కింది అయిదేళ్లు కూడా లేదు.

ఎడ్వర్డ్ జెన్నర్ మశూచికి టీకా వేసి చూసింది 1796లో. ఆ టీకా బొంబాయిలో మొదటిసారి ఒక పసిపాపకు వేసింది 1802లో. అంటే రామారావు పోయేనాటికి టీకా మన దేశానికి వచ్చి 120 ఏళ్లు దాటింది. ఆ 120 ఏళ్లూ మన ఊళ్లలో ఆ జబ్బు పేరు "అమ్మవారు". వేపమండలు, పసుపునీళ్లు, జాతర్లు, బలులు. టీకా వేయించుకుంటే అమ్మవారికి కోపం వస్తుందని దాక్కున్నవాళ్లు, పిల్లల్ని దాచినవాళ్లు ఎందరో. చివరికి ఊరూరా తిరిగి టీకాలు వేస్తే 1975లో మన దేశంలో చివరి కేసు నమోదయింది. 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అమ్మవారు అప్పటి నుంచి ఎవరి మీదా కోపగించలేదు.

కళాకారుల గురించి రాసేటప్పుడు ఈ పద్దును మరిచిపోతారు. కుర్రవాళ్లను కళలో నిలబెట్టడమంటే కుంచె కొనివ్వడం ఒక్కటే కాదు. వాళ్లు బతికి ఉండేలా చూడటం కూడా. ప్రజారోగ్యం, మంచినీళ్లు, టీకా లేని చోట దైవదత్తమైన ప్రతిభను దైవమే వెనక్కి తీసుకుంటుంది.

రామారావు పోయాక ఆయన మిత్రుడు వరదా వెంకటరత్నం చిత్రకళాశాలను భుజాన వేసుకుని నడిపారు. రామారావు బొమ్మలు ఈనాటికీ రాజమండ్రి చిత్రశాలలో చూడవచ్చంటే, అది ఆయన ప్రతిభ వల్ల మాత్రమే కాదు. వాటిని కాపాడినవాళ్లు ఉండబట్టి.

"రక్తంలో ఉంది"

దేవుణ్ణి వదిలేసినవాళ్లు కూడా రక్తాన్ని వదలరు. కాబట్టి ఆ మాట కూడా చూద్దాం.

కూచిపూడి నాట్యం చాలాకాలం ఆ గ్రామంలోని కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ల సొత్తు. అది వాళ్ల రక్తంలో ఉందనేవారు. ఇరవయ్యో శతాబ్దంలో గురువులు బయటివాళ్లకు, ఆడవాళ్లకు తలుపులు తీశారు. రాజారెడ్డి, రాధారెడ్డి దంపతులు తెలంగాణవాళ్లు, ఆ కుటుంబాలకు చెందినవాళ్లు కారు. వేదాంతం ప్రహ్లాద శర్మ గారి దగ్గర నేర్చుకున్నారు. 1966లో ఢిల్లీ వచ్చి మాయారావు గారి దగ్గర నృత్య దర్శకత్వం చదివారు. 1976లో ఇక్కడే నాట్య తరంగిణి స్థాపించారు. ఇద్దరికీ 1984లో పద్మశ్రీ, 2000లో పద్మభూషణ్ వచ్చాయి. రక్తం మారలేదు. నేర్పించేవాడు "సరే, రా" అన్నాడు, అంతే.

సినిమాలోనూ ఇదే. 1965లో ఆదుర్తి సుబ్బారావు "తేనె మనసులు" తీసేటప్పుడు పేరున్న తారలను కాదని, పత్రికల్లో ప్రకటన ఇచ్చి కొత్తవాళ్లను పిలిచారు. ఫొటోలు పంపినవాళ్లలోంచి ఏరి, తర్ఫీదు ఇచ్చి, నాయకులుగా పెట్టారు. బుర్రిపాలెం నుంచి వచ్చిన ఘట్టమనేని కృష్ణ హీరో అయింది అలాగే. ఆ తర్వాత ఆయన కుటుంబమే నట వారసత్వానికి ఉదాహరణ అయింది. బహిరంగ ప్రకటన ద్వారా వచ్చిన అవకాశం ఒక తరం గడిచేసరికి రక్తం అనిపించుకుంటుంది. రక్తం అని మనం పిలిచేదానిలో ఎక్కువ భాగం పరిచయాలు, పెట్టుబడి, చిన్నప్పటి నుంచి చూసిన పని.

భద్రమైన దారి అంటే ఏమిటి?

ఇక నేనుండే ముఖర్జీ నగర్ సంగతి. ఉత్తర ఢిల్లీలో బత్రా సినిమా చుట్టుపక్కల నాలుగు వీధులు తిరిగితే దేశంలోని కుర్రకారంతా ఇక్కడే ఉందా అనిపిస్తుంది. కోచింగ్ సెంటర్లు, అగ్గిపెట్టె గదులు, టిఫిన్ డబ్బాలు, జిరాక్స్ షాపులు. అందరి లక్ష్యం సివిల్స్. బొమ్మలు, నాటకం, సినిమా అంటే "అది జూదం, ఇది భద్రమైన దారి" అని ఇళ్ల దగ్గర నచ్చజెప్పి ఇక్కడికి పంపుతారు.

2023 సివిల్స్ లెక్క చూడండి. దరఖాస్తులు 10,16,850. ప్రిలిమ్స్ రాసినవాళ్లు 5,92,141. మెయిన్స్‌కు అర్హులు 14,624. ఇంటర్వ్యూకు 2,855. చివరికి ఎంపికైంది 1,016. పరీక్ష రాసిన 583 మందిలో ఒక్కరు. అదే ఏడాది జూన్ 15న ముఖర్జీ నగర్‌లో కోచింగ్ సెంటర్లున్న భవనంలో మంటలు లేస్తే పిల్లలు కిటికీల్లోంచి తాళ్లు, తీగలు పట్టుకుని దిగారు. భద్రమైన దారి అంటే ఇది.

కళలకు ఇలాంటి ఒకే పరీక్ష లేదు కాబట్టి రెంటినీ అంకెలతో పోల్చలేం. కళ సులభమని నేననడం లేదు. ఒకదాన్ని జూదమని, ఇంకోదాన్ని కెరీర్ అని పిలిచేముందు ఎవరూ లెక్క వేయడం లేదంటున్నాను.

మా వీధిలో ఒక తెలుగు కుర్రవాడు ఉండేవాడు. భూగోళశాస్త్రం నోట్సులో నదులు, పర్వతాలు, రుతుపవనాల బొమ్మలు చేత్తో వేసుకునేవాడు. ఒకరిద్దరు స్నేహితులు జిరాక్స్ తీసుకున్నారు. కొన్నాళ్లకు ఆ నోట్సు జిరాక్స్ షాపుల్లో కట్టలుగా అమ్ముడుపోయింది. అతనికి ఒక్క రూపాయి రాలేదు. వాళ్ల నాన్న ఊరి నుంచి నాకు ఫోన్ చేశాడు. "సార్, మీరు పెద్దవారు. వాడు బొమ్మలంటూ టైము పాడు చేసుకుంటున్నాడట. ఇరవై ఎనిమిది దాటాక సర్కారు ఉద్యోగం ఉందని జాతకంలో ఉంది. కాస్త మందలించండి" అన్నాడు.

ఆయన మీద నాకు కోపం రాలేదు. పొలం మీద అప్పు తెచ్చి పంపుతున్న మనిషి, లెక్క అడిగే హక్కు ఆయనకుంది. అందుకే జాతకం జోలికి పోకుండా లెక్కే చెప్పాను. ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది, ఇంకా ఎన్ని ప్రయత్నాలు మిగిలాయి, ఒక్కో ప్రయత్నానికి ఎంత అవుతుంది. తర్వాత అడిగాను: "మీ వాడి నోట్సు ఇక్కడ అమ్ముడుపోతోంది. అమ్ముడుపోయేది టైము పాడు చేసుకోవడం ఎలా అవుతుందండీ?" ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మరి డబ్బు వాడికెందుకు రావడం లేదు?" అన్నాడు చివరికి. అది అసలు ప్రశ్న. జాతకం అడగని ప్రశ్న.

కుర్రవాడికి నేను చెప్పింది రెండే మాటలు. ప్రతి బొమ్మ కింద పేరు రాసుకో. అడిగినవాడికి ధర చెప్పు. ఇరవై బొమ్మలు ఒక ఫైలులో పెట్టుకుని దరియాగంజ్‌లో గైడ్లు అచ్చువేసే నలుగురి దగ్గరకు తిరిగాడు. ముగ్గురు పొమ్మన్నారు. నాలుగోవాడు బొమ్మకు 120 రూపాయల చొప్పున 40 బొమ్మలు వేయించుకున్నాడు. 4,800 రూపాయలు. మిగిలిన ప్రయత్నాలు కూడా రాస్తానన్నాడు, నేను వద్దనలేదు. నిర్ణయం వాళ్లిద్దరిదీ. లెక్క ముందు పెట్టుకుని నిర్ణయించుకోవాలి, అంతవరకే నా వాదం.

3 పైసల పద్దు

స్వాతంత్ర్యం వచ్చాక రాజుల, జమీందారుల చోట ప్రభుత్వం నిలబడింది. 1953లో సంగీత నాటక అకాడమీ, 1954లో సాహిత్య, లలిత కళా అకాడమీలు, 1959లో జాతీయ నాటక పాఠశాల ఢిల్లీలో వచ్చాయి. కేంద్ర సంస్కృతి శాఖకు యువ కళాకారుల స్కాలర్‌షిప్ పథకం ఒకటి ఉంది. 18 నుంచి 25 ఏళ్లవాళ్లకు, గరిష్ఠంగా 400 మందికి, నెలకు 5,000 రూపాయలు, రెండేళ్లు. ఒక బృందానికి రెండేళ్లకు అయ్యేది 4 కోట్ల 80 లక్షలు. 140 కోట్ల జనాభాకు పంచితే తలకు మూడున్నర పైసలు కూడా రాదు. మన దేశంలో సరస్వతీ కటాక్షానికి మనం కట్టే వెల ఇది. ఈ అంకె చూశాక "ప్రతిభ ఉంటే ఎలాగైనా పైకి వస్తారు" అన్న నమ్మకం మనకు ఎందుకంత ముద్దో అర్థమవుతుంది. నమ్మకం చవక.

మొత్తం లెక్క తేలిస్తే అయిదు పద్దులు కనిపిస్తున్నాయి. గుర్తించే మనిషి, నేర్పే చోటు, నేర్చుకునే కాలంలో తిండి, చేసిన పనికి కొనేవాడు, బతికి ఉండటానికి ఆరోగ్యం. రామారావుకు మొదటి నాలుగు దొరికాయి, అయిదోది దొరకలేదు. మా వీధి కుర్రవాడికి నాలుగోది మాత్రం కాస్త దొరికింది. ఆరో పద్దు కింద ప్రతిభ అని రాసుకోండి, నాకు అభ్యంతరం లేదు. కాని మిగతా అయిదూ సున్నా అయినప్పుడు ఆరోదాని విలువ ఎంతో ఏ గుమాస్తా అయినా చెబుతాడు.

రాజ్యాంగంలోని 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్నీ మానవతావాదాన్నీ పెంచడం పౌరుల విధి అంటుంది. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మన సంఘాలు బాబాల గుట్టు విప్పుతాయి, జ్యోతిష్కులను సవాలు చేస్తాయి, మంచిదే. వాటితోపాటు ఇంకొకటి చేయవచ్చు. మన సభలకు పోస్టర్ వేసేది ఎవరో ఒక కుర్రవాడు. మన పుస్తకానికి అట్టబొమ్మ వేసేది ఎవరో ఒక అమ్మాయి. మూఢనమ్మకాల మీద వీధి నాటకం ఆడేది కాలేజీ పిల్లలు. హాలు అద్దెకు రసీదు ఉంటుంది, టీ బిస్కెట్లకు రసీదు ఉంటుంది, మైకు సెట్టుకు రసీదు ఉంటుంది. ఈ పిల్లలకు ఇచ్చిన దానికి కూడా ఒక రసీదు ఉండాలి. మీ ఊరి సంఘం లెక్కల పుస్తకం తీసి ఆ పద్దు ఉందో లేదో చూడండి. లేకపోతే వచ్చే సభ నుంచి మొదలుపెట్టండి.